ఫేబియన్ వేర్ దొరయు, మన సిపాయీల పేర్లును

యుద్ధమున గెలిచిన రాజునకు జయస్తంభమును, సేనాపతికి విగ్రహమును నిలుపుట అన్ని దేశములందును ఉన్న ఆచారమే. కాలిబంటుగా పోయి తిరిగి రాని రైతుబిడ్డ పేరు మాత్రము వాని తల్లి బ్రతికియున్నంత కాలము ఆ యింట వినబడి, పిదప మాసిపోవుచుండెను. భారతయుద్ధము ముగిసిన పిమ్మట ధర్మరాజు తనవారు పరులు అను భేదము చూపక, దిక్కులేక పడియున్న వారితో సహా మృతులందరికిని దహనసంస్కారములు జరుపుడని విదురాదులను ఆజ్ఞాపించినట్లు స్త్రీపర్వమున చదివియున్నాము. ధృతరాష్ట్రుడు అడుగగా ఆ మహారాజు మృతుల సంఖ్యను చెప్పెను. రాజులకును మహారథులకును పేర్లు మిగిలినవి. బంటులకు సంఖ్య మాత్రమే మిగిలినది. మడిసిన ప్రతివాని పేరును, వాడు బంటైనను సేనానియైనను, ఒకే తీరున రాతిపై నిలుపవలెనను నియమమును ఇరువదవ శతాబ్దమున ఒక మహాసామ్రాజ్యముచేత ఒప్పించినవాడు సర్ ఫేబియన్ వేర్ అను ఆంగ్లేయుడు.

ఈ దొర చరిత్ర మన కేల యని కొందరు పాఠకులు అడుగవచ్చును. ఆయన సామ్రాజ్యవాది. మావలెనే దినపత్రికా సంపాదకుడుగా నుండినను, మేము ఏ పక్షమును జీవితమంతయు ఎదిరించితిమో ఆ పక్షమునకే తన కలమును అర్పించినవాడు. అయినను మేలు ఎవరు చేసినను మేలే. ఆ మేలును మెచ్చుకొనుటయు, అది మన సిపాయీల దాపునకు వచ్చునప్పటికి ఎచ్చట ఆగిపోయెనో చూపుటయు, రెండును మా విధి యని తలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఫేబియన్ వేర్ 1869 జూన్ 17వ తేదీన బ్రిస్టల్ నగరములోని క్లిఫ్టన్ పేటలో జన్మించెను. తలిదండ్రులు ప్లిమత్ బ్రెదరన్ అను కఠిననియమములు గల క్రైస్తవ శాఖకు చెందినవారు. యువకుడు పాఠములు చెప్పి ధనము కూర్చుకొని, ఆ ధనముతో తాను చదువుకొని, 1894లో పారిస్ విశ్వవిద్యాలయమున పట్టము పొందెను. సుమారు పదేండ్లు ఇంగ్లండులోని పాఠశాలలలో ఉపాధ్యాయుడుగా నుండెను. పారిస్‌లో అలవడిన ఫ్రెంచి భాషయు, ఆ జాతి మర్యాదలును తరువాతి కాలమున ఆయనకు ఎంతగా అక్కరకు వచ్చినవో ముందు చెప్పెదము.

1901లో ఆయన దక్షిణాఫ్రికాకు పోయి, మిల్నరు ప్రభువు పాలనక్రింద ట్రాన్స్‌వాల్ విద్యాశాఖలో చేరి, కొలది కాలములోనే ఆ శాఖకు అధిపతి యయ్యెను. ఆ దినములలో ఆ దేశముననే గాంధీ మహాత్ముడు బారిష్టరుగా నుండి, భారతీయుల హక్కులకొరకు ఆ మిల్నరు ప్రభుత్వమునకే విజ్ఞాపనములు వ్రాయుచుండెను. వేర్ ఏ వైపున నుండెనో వేరుగ చెప్పనక్కర లేదు. 1905లో ఇంగ్లండునకు మరలివచ్చి, ప్రాచీనపు పక్షమువారి ముఖ్యపత్రికయగు మార్నింగ్ పోస్టునకు సంపాదకుడై, 1911 వరకును దానిని నడిపెను. అటుపిమ్మట రియో టింటో అను గనుల కంపెనీ పక్షమున రాయబారము నెరపుచుండెను. ఇంతవరకే ఆయన జీవితము ముగిసియుండినచో నేడాయన పేరు తలచువారు ఉండరు.

1914 ఆగస్టులో ఐరోపా యుద్ధము ఆరంభమగునప్పటికి వేర్ వయస్సు 45 ఏండ్లు. సేనలో చేరబోగా వయస్సు మీరినదని త్రిప్పి పంపిరి. అంతట మిల్నరు సాయమున బ్రిటిష్ రెడ్ క్రాసు వారి మోటారు దళమొకదానికి నాయకుడై సెప్టెంబరులో ఫ్రాన్సు చేరెను. క్షతగాత్రులను వెదకి ఆసుపత్రులకు చేర్చుట ఆ దళము పని. వారు తిరుగు దారులలో, పొలముల గట్లపై, తోటల మూలలలో సైనికుల గోరీలు అడుగడుగున కనబడుచుండెను. ఒకదానిపై పెట్టె నుండి ఊడదీసిన పలక. మరియొకదానిపై పెన్సిలుతో పేరు వ్రాసిన కొయ్య సిలువ. రెండు వానలు కురిసినచో ఆ పేరు చెరిగిపోవును. ఆ పొలముననే మరల పోరు జరిగినచో గోరీయే మాయమగును. వీనిని కనిపెట్టి చూచుటకు సేనలో ఒక శాఖయైనను లేకుండెను.

ఎవరికిని అప్పగింపని యీ పనిని వేర్ తనపై వేసికొనెను. తన మనుష్యులచే ప్రతి గోరీ ఉన్న స్థలమును గుర్తింపించి, మృతుని పేరు, దళము, తేదీ పుస్తకమున ఎక్కించి, లోహపు బద్దీపై అక్షరములను అచ్చొత్తించి సిలువకు తగిలింపసాగెను. బంధువులు జాబు వ్రాసినచో గోరీ ఛాయాచిత్రమును తీయించి పంపుచుండెను. కుమారుని శవమును చూడనోచని తల్లికి ఆ చిన్న చిత్రమెంతటిదో ఊహించుకొనవలసినదే. 1915 తొలినాళ్లలో సేనాధికారులు ఈ పని విలువ నెరిగి, ఆ దళమును గోరీలను నమోదు చేయు శాఖగా సేనలో చేర్చుకొనిరి. ఆ యేడు అక్టోబరు నాటికి 31,000కు పైగా గోరీలు పుస్తకములకెక్కెను. 1915 డిసెంబరు 29న ఫ్రెంచి ప్రభుత్వము ఒక శాసనము చేసి, మిత్రదేశముల సైనికుల సమాధులకు వలసిన నేలను శాశ్వతముగ ఇచ్చివేసెను. సెంటు భూమికై తరములు వ్యాజ్యమాడు లోకమున ఇది సామాన్యమైన దానము కాదు. దీనికి దారి తీసిన సంప్రదింపులలో వేర్ నేర్చిన ఫ్రెంచి భాషయు, ఆ దేశపు అధికారులతో ఆయనకు గల స్నేహమును పనిచేసెను.

అదే యేట ఒక చిక్కు పుట్టెను. ఒకప్పటి ప్రధానమంత్రి గ్లాడ్‌స్టన్ మనుమడు ఏప్రిలులో ఫ్రాన్సున మడియగా, ఆ కుటుంబము వారు పలుకుబడి చేత శవమును త్రవ్వించి స్వగ్రామమునకు తెప్పించుకొనిరి. అతని ప్రక్కననే మడిసిన గని కూలీ కుమారుని ఎవరు తెప్పింపగలరు? ధనికుడు ఇంటికి చేరుటయు, బీదవాడు పరదేశమున ఉండిపోవుటయు న్యాయము కాదని వేర్ పట్టుపట్టెను. శవములను స్వదేశమునకు తరలింపరాదను నిషేధము అప్పుడే వచ్చెను. ఆ నిషేధము నుండియే సమానత్వమను సూత్రము క్రమముగ పెరిగెను. సామ్రాజ్యవాదియగు ఈ పెద్దమనిషి మనస్సులో ఈ ప్రజాస్వామ్యభావము ఎట్లు మొలకెత్తెనో గాని, ఒకసారి మొలచిన పిదప దానిని ఆయన వదలలేదు.

1917 మే 21వ తేదీన రాజశాసనముచే సామ్రాజ్య యుద్ధసమాధుల సంఘము ఏర్పడెను. వేల్సు యువరాజు అధ్యక్షుడు, వేర్ ఉపాధ్యక్షుడు, పని యావత్తును వేర్‌దే. ఇంకొక సంగతిని పాఠకులు గమనింపవలెను. కెనడా, ఆస్ట్రేలియాల పక్షమున ఆ సంఘమున కూర్చున్నవారు ఆ దేశములు పంపిన ప్రతినిధులు. భారతదేశము పక్షమున కూర్చున్నవాడు లండనులోని ఇండియా మంత్రి. దీని ఫలమును పిదప చూడగలము.

సమాధులు ఎట్లుండవలెనో నిర్ణయించుటకు బ్రిటిష్ మ్యూజియం అధిపతి ఫ్రెడరిక్ కెన్యన్ దొరను నియమింపగా, ఆయన 1918లో నివేదికను సమర్పించెను. ప్రతి మృతునికిని పేరుతో శిల యుండవలెను. 32 అంగుళముల ఎత్తు, 15 అంగుళముల వెడల్పు గల ఆ శిల అందరికిని ఒక్కటే కొలత. పదవి, జాతి, మతములనుబట్టి గౌరవమున భేదము చూపరాదు. శవము దొరకనివారి పేర్లను స్మారకభవనముల గోడలపై చెక్కింపవలెను. లట్యెన్సు, బేకరు, బ్లూమ్‌ఫీల్డు అను శిల్పాచార్యులు నిర్మాణములకు పూనుకొనిరి. శిలలపై వ్రాయవలసిన వాక్యములను కూర్చువాడుగా కవి కిప్లింగు చేరెను. సామ్రాజ్యమును కీర్తించిన ఆ కవి ఏకైక కుమారుడు 18 ఏండ్ల వయస్సున 1915 సెప్టెంబరులో లూస్ రణభూమిలో మాయమయ్యెను. తండ్రి 1936లో కన్నుమూయు వరకును ఆ బిడ్డ గోరీ కానరాలేదు.

ఈ సమానత్వము ఇంగ్లండు పెద్దింటివారికి రుచింపలేదు. రుచింపనివారందరును అహంకారులని చెప్పుట న్యాయము కాదు. ముగ్గురు కుమారులను పోగొట్టుకొనిన ఫ్లారెన్సు సెసిల్ దొరసాని, శిలకు బదులు తమ బిడ్డలకు సిలువనైన నిలుపనిండని 8,000 మంది సంతకములతో విజ్ఞప్తి పంపెను. ఆ తల్లి మొర విని గుండె కరుగనివాడు ఎవడు? 1920 మే 4న కామన్సు సభలో ఈ విషయమై తీవ్రమైన చర్చ జరిగెను. కలిసి పోరాడి, కలిసి మడిసినవారిని సమాధులలో వేరుచేయుటకు ఏ తండ్రి ధనమునకును అధికారము లేదని సంఘము పక్షమువారు వాదించిరి. తుదకు సభ వారివైపే మొగ్గెను. ప్రభువు బిడ్డయు, గుఱ్ఱపు సాలలో పనివాని బిడ్డయు ఒకే శిల క్రింద పండుకొనిరి.

తరువాతి పండ్రెండేండ్లలో వేర్ చేసిన పని అపారము. 1927లో బెల్జియమునందలి ఈప్ర నగరమున మెనిన్ ద్వారము లేచెను. దానిపై 54,000కు పైగా పేర్లు. 1932లో ఫ్రాన్సున థియెప్‌వాల్ స్మారకము లేచెను. దానిపై 72,000కు పైగా పేర్లు. ఇవి గోరీ దొరకనివారివి మాత్రమే యనగా యుద్ధమెట్టిదో తెలియగలదు.

మన సిపాయీలకును ఫ్రాన్సున మర్యాద జరిగెను. 1915 మార్చిలో న్యూవ్ షాపెల్ వద్ద మీరట్, లాహోరు డివిజనులు ఘోరముగ పోరాడి ఎందరినో కోల్పోయెను. ఆ స్థలమున బేకరు రూపొందించిన భారతీయ స్మారకము 1927 అక్టోబరు 7న ఆవిష్కరింపబడెను. తామరపూవు శిరస్సున దాల్చిన స్తంభము, దాని కిరువైపుల వ్యాఘ్రములు, మన ఛత్రముల వంటి కట్టడములు, రాతి జాలీలు. ఆ ప్రాకారముపై గుర్తు తెలియని గోరీలలోను, చితులలోను కలిసిపోయిన 4,700కు పైగా భారతీయుల పేర్లు సిపాయి మొదలు అధికారి వరకు చెక్కబడియున్నవి. దానిని చూచిన భారతీయుడు వేర్‌కు కృతజ్ఞుడు కాకపోడు.

ఐరోపా దాటినతోడనే ఈ ధర్మము కుంటుపడెను. మన సేన అధికముగ పోరాడినది ఫ్రాన్సున కాదు, మెసపొటేమియాలో. మద్రాసు సాపర్సు దళముల వారును ఆ యెడారిలో వంతెనలు కట్టిరి, కందకములు త్రవ్విరి. ఆ రంగమున గోరీ లేక మడిసిన 40,000 మందికి బాస్రా వద్ద 1929లో స్మారకము నిలిపిరి. దానిపై బ్రిటిష్ సైనికుల పేర్లను సామాన్య సోల్జరు వరకును చెక్కించిరి. భారతీయులలో అధికారుల పేర్లను చెక్కించి, తక్కిన సిపాయీలను దళమునకు ఇందరని సంఖ్యగా చూపిరి. ధర్మరాజు చెప్పిన లెక్క మరల వచ్చెను!

తూర్పు ఆఫ్రికాలో ఇంతకంటెను అన్యాయము జరిగెను. 1914 నవంబరులో టాంగా రేవు వద్ద జర్మనులతో తలపడి ఓడిన దండులో మన మద్రాసు రాజధానికి చెందిన 61వ పయొనీర్లును, 63వ పాలంకోట దళమును ఉండెను. ఆ రంగమున మూటలు మోసి, ఆకలికిని జ్వరములకును వేలకొలదిగ బలియైన ఆఫ్రికా కూలీలకు గోరీలును లేవు, పేర్లును లేవు. నైరోబి, మొంబాసా, దారెస్సలాము నగరములలో కంచు విగ్రహములు నిలిపి, అందరికిని అవియే చాలుననిరి. తమవారి గోరీలపై పేర్లుండుట చూచి సంతోషించునంతటి నాగరకత ఆ జాతులకింకను అలవడలేదని అధికారులు తమలో తాము సమాధానము చెప్పుకొనిరి. కొన్నిచోట్ల ఆ శ్మశానములను అడవికి వదలివేసిరి. ఈ నిర్ణయములు జరిగిన కాలమున సంఘమునకు ఊపిరి వేరే. గని కూలీ కొడుకునకై కామన్సు సభతో పోరాడిన సంఘమే, బాస్రా సిపాయికొరకును టాంగా కూలీకొరకును నోరు మెదపలేదు. వారి తల్లులు లండనులో సంతకములు చేయజాలరు. వారి పక్షమున కూర్చున్న మంత్రి వారు ఎన్నుకొన్నవాడు కాడు. అడుగువాడు లేనిచోట ధర్మము కూడ నిద్రించునని దీనివలన తెలియుచున్నది.

ఈ మాట మేము ద్వేషముచే చెప్పుచున్నది కాదు. 1960 నుండి కామన్వెల్తు పేరుతో నడుచుచున్న ఆ సంఘమే 2021 ఏప్రిలులో విచారణ నివేదికను ప్రకటించి, తన తప్పును ఒప్పుకొని క్షమాపణ వేడెను. భారతీయులు, తూర్పు పడమటి ఆఫ్రికావారు, ఈజిప్టువారు, సోమాలీలు కలిసి 45,000 నుండి 54,000 మందికి సమానమైన స్మారకము జరుగలేదనియు, మరి 1,16,000 మందికి, బహుశః 3,50,000 మంది వరకును, పేరుతో స్మరణమే జరుగలేదనియు ఆ నివేదిక తేల్చెను. బ్రిటిష్ రక్షణమంత్రి పార్లమెంటులో విచారము వెల్లడించెను. తప్పు జరిగిన తొంబదియేండ్లకు వచ్చినను, ఒప్పుకోలు ఒప్పుకోలే. వేర్ నిలిపిన సూత్రమే వేర్ సంఘమును దోషిగా నిలిపినది. ఆ సూత్రము లేకుండినచో ఈ తప్పును కొలుచుటకు కోలయే ఉండెడిది కాదు.

1939లో రెండవ మహాయుద్ధము రాగా, డెబ్బదియేండ్ల వృద్ధుడైన వేర్ మరల యుద్ధశాఖలో సమాధుల నమోదుకు అధిపతి యయ్యెను. ఆకాశము నుండి పడిన బాంబులచే ఇండ్లలోనే మడిసిన స్త్రీబాలవృద్ధులు కూడ యుద్ధమృతులేయని వాదించి, వారి పేర్లను సేకరింపించెను. సుమారు 67,000 పేర్లు గల ఆ సంపుటములు లండనులోని వెస్టుమినిస్టరు ఆబీలో ఉన్నవి. 1948లో ఆయన పదవిని విరమించి, 1949 ఏప్రిల్ 28న గ్లాస్టరుషైరులోని ఆంబర్లీ గ్రామమున మరణించెను. ఆ గ్రామపు చర్చి ఆవరణలో ఆయన గోరీపై నున్నది, లక్షలాది సైనికులకు ఆయన నిలిపిన శిల వంటి శిలయే.

ఇంక మన వంతు. మొదటి మహాయుద్ధమున సుమారు 74,000 మంది భారతీయులు ప్రాణములర్పించిరి. 1931లో ఢిల్లీలో ఆవిష్కరింపబడిన ఇండియా గేటుపై చెక్కిన పేర్లు 13,000 పైచిలుకు. పరప్రభుత్వముకొరకు పోరాడినవారని మనము ఆ సిపాయీలను చిరకాలము పట్టించుకొనలేదు. ఈ విషయమున మా వంటి పత్రికలవారి దోషమును కలదు. జీతమునకై పోయెనో, కరవుచే పోయెనో, పెద్దల మాటకై పోయెనో, పోయినవాడు మన ఊరి బిడ్డ. వానిని పంపిన ప్రభుత్వమును నిందించుట వేరు, వానిని మరచుట వేరు. స్వతంత్ర భారతము ఈ లోపమును తనవారి విషయమున దిద్దుకొనెను. 2019 ఫిబ్రవరి 25న ఢిల్లీలో జాతీయ యుద్ధస్మారకమును ఆవిష్కరించునాటికి, స్వాతంత్ర్యానంతరము మడిసిన 25,942 మంది పేర్లను దానిపై చెక్కించిరి. పెద్దపదవికి పెద్ద అక్షరము, చిన్నపదవికి చిన్న అక్షరము అచ్చట లేవు.

స్వాతంత్ర్యమునకు ముందటివారి పేర్లు మాత్రము ఇంకను చెదరియున్నవి. లాహోరు మ్యూజియములో తొంబదియేండ్లకు పైగా పడియున్న పంజాబు సైనికుల పట్టికలు, 3,20,000 మంది వివరములతో, 2021లో వెలుగు చూచెను. ఏ యూరివాడు, ఎవరి కొడుకు, ఏ దళమున చేరెను, తిరిగి వచ్చెనా లేదా, అన్నియు అందున్నవి. తెలుగుదేశమున ఇట్టి పని ఊరూర జరుగవలెను. తాడేపల్లిగూడెము సమీపముననున్న మాధవరము నుండి రెండు మహాయుద్ధములకును యువకులు తరలిపోయిరి. నేటికిని ఆ యూరిని మిలిటరీ మాధవరమని పిలుచుచున్నారు. ఆ గ్రామస్థులు తమ వీరులకు స్మారకమును కట్టుకొనిరి. పల్నాట కారెంపూడిలో కార్తిక మాసాంతమున జరుగు వీరుల ఉత్సవమున, శతాబ్దములనాడు మడిసినవారి ఆయుధములను వారి వంశములవారు తెచ్చి పూజింతురు. బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒకే చాపపై కూర్చుండబెట్టి భోజనము పెట్టినాడను కథ ఆ క్షేత్రముననే నిలిచియున్నది. వీరుని పేరు మరువరాదనియు, వీరులలో ఎక్కువ తక్కువలు చూడరాదనియు మన పల్నాటివారికి ఆంగ్లేయుడు వచ్చి నేర్పవలసిన పని లేదు. కాగితముపై వ్రాసి భద్రపరచుటను మాత్రము ఆయన వద్ద నేర్చుకొనవచ్చును.

కావున గ్రామపెద్దలకును, పట్టణములందలి విద్యావంతులకును మా మనవి యిది. మీ యూరి నుండి ఏ యుద్ధమునకైనను పోయి తిరిగి రానివారి పేర్లను, తిరిగి వచ్చి మీ నడుమ ముసలివారైన మాజీ సైనికుల పేర్లను ఒక పుస్తకమున వ్రాయుడు. తుపాకి పట్టినవానితోపాటు డోలీ మోసినవానిని, వంటవానిని, నీరు మోసిన భిస్తీని, కూలిదళమున పోయినవానిని కూడ వ్రాయుడు. తండ్రి పేరు, ఇంటిపేరు, దళము పేరు, ఇంటికి వచ్చిన ఆఖరి జాబు తేదీ తెలిసినంతవరకు చేర్చుడు. పాత పింఛను కాగితములు, పతకములు, ఛాయాచిత్రములు అటుకలపై చెదలుపట్టి పోకమునుపే వెదకుడు. ఆ పుస్తకమును ఊరి గ్రంథాలయమున నుంచి, ఏటికొకసారి బడిపిల్లల యెదుట అందలి పేర్లను చదివింపుడు.